చివరి అంకెలు మారిపోయిన అక్టోబరు

2022లో దీపావళి అక్టోబరు 24న వచ్చింది. సిడ్నీలో వాన లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఎన్నడూ పడనంత వాన పడిన ఏడాది అది. మేం ఉండేది బ్లాక్‌టౌన్‌లో. నేను పనిచేసేది పరమట్టాలో ఒక చిన్న సంస్థలో. ఇక్కడి మనవాళ్లు ఇండియాకు డబ్బు పంపుకునే యాప్ నడపడం దాని వ్యాపారం. సంస్థ పేరు చెప్పను, అక్కడ ఇండియాలో డబ్బు అందించే భాగస్వామి పేరూ చెప్పను. ఆ నెలలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. ఇలాంటి ప్రోగ్రాములు రాసే తెలుగువాళ్లు ఈ ఊళ్లోనే వీధికొకరు ఉన్నారు.

దసరా నుంచి దీపావళి దాకా మాకు ఊపిరి సలపదు. సెవెన్ హిల్స్, టూంగాబీ, వెంట్వర్త్‌విల్, షోఫీల్డ్స్ పేటలన్నీ కదులుతాయి. నర్సులు, వృద్ధాశ్రమాల్లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, చదువుకుంటూ డెలివరీలు చేసే పిల్లలు, ఐటీ వాళ్లు అందరూ ఇంటికి పంపేవాళ్లే. పండక్కి బట్టలు, చెల్లి కాలేజీ ఫీజు, నాన్న మందులు, ఊళ్లో కడుతున్న ఇంటికి సిమెంటు. పేఐడీ అనే ఇక్కడి చెల్లింపు పద్ధతితో మా ఖాతాలో డాలర్లు వేస్తారు. 2018 ఫిబ్రవరిలో న్యూ పేమెంట్స్ ప్లాట్‌ఫామ్ వచ్చాక ఆ మొదటి అడుగు క్షణాల్లో అయిపోతోంది. ఆ వివరాలను మేం భాగస్వామికి ఒక్కొక్కటిగానో, కొన్నింటిని కలిపి బ్యాచ్‌గానో పంపుతాం. వాళ్లు ఇండియాలో ఖాతాలో రూపాయలు వేసే పని మొదలుపెట్టి, ప్రతి చెల్లింపుకూ ఒక రిఫరెన్స్ నంబరు మాకు తిప్పి పంపుతారు. కాసేపాగి ఆ నంబరు పట్టుకుని ‘ఇది చేరిందా’ అని మా ప్రోగ్రామ్ అడుగుతుంది. చేరింది అన్న జవాబు వస్తే పంపినవాళ్ల ఫోన్లో పచ్చటి టిక్కు పడుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడమంతా జేసన్‌లో జరుగుతుంది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సాదా రాత అది. ఫీల్డు పేరు, పక్కన విలువ. మాటలైతే కోట్స్‌లో ఉంటాయి, సంఖ్యలైతే కోట్స్ లేకుండా ఉంటాయి. ఆ రాతను చదివి ప్రోగ్రామ్ లోపలి విలువలుగా మార్చుకోవడాన్ని డీసీరియలైజ్ చేయడం అంటాం. మా ప్రాణం తీసింది సరిగ్గా ఆ మార్చుకునే చోటే.

తేడా మొదట పట్టుకున్నది రికన్సిలియేషన్ చూసే అమ్మాయి. భాగస్వామి రోజూ పంపే సెటిల్‌మెంట్ ఫైలును మా పట్టికతో సరిచూడటం ఆమె పని. “ఒక్కొక్కటిగా వెళ్లినవి కలుస్తున్నాయి, బ్యాచ్‌లో వెళ్లినవి కలవడం లేదు” అంది. మొత్తం డబ్బు పైసాతో సహా సరిపోతోంది, నంబర్లే కలవడం లేదు. డబ్బు లెక్క తేలింది కదా, పండగ రద్దీ తగ్గాక చూద్దామన్నారు పైవాళ్లు. ఆమె మాత్రం వదల్లేదు. రోజూ పేర్లూ మొత్తాలూ చూసి చేత్తో కలుపుకుంటూ, కలవనివన్నీ ఒక పక్కన రాసిపెట్టింది. ఆ జాబితానే తర్వాత మమ్మల్ని ఒడ్డున పడేసింది.

రెండు రోజులు గడవకముందే మా వీధిలోనే ఉండే ఒకావిడ రాత్రి భోజనాల వేళ మా ఇంటికొచ్చింది. ఆసుపత్రి డ్యూటీ బట్టల్లోనే ఉంది. ఫోను నా చేతిలో పెట్టి, “అన్నయ్యా, మీ యాప్‌లో చేరిందనే ఉంది. గుంటూరులో చేరలేదు. మా నాన్నకి రేపు ఆపరేషన్. అడ్వాన్సు కడితేగానీ లోపలికి తీసుకెళ్లం అంటున్నారు” అంది. తమ్ముడు పొద్దుట్నుంచి బ్యాంకులో కూర్చున్నాడట. మాకేం రాలేదని బ్యాంకువాళ్లు, వచ్చిందని ఈమె. “నీ యాప్ అబద్ధం చెబుతోందా, బ్యాంకోళ్లు చెబుతున్నారా” అని తమ్ముడు ఈమె మీద విసుక్కున్నాడట. తెరమీద పచ్చ టిక్కు స్పష్టంగా కనిపిస్తోంది. మా ఆవిడ ఆమెని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నేను లాప్‌టాప్ తెరిచాను.

అసలు నంబరు ఇక్కడ రాయకూడదు గనక అదే తీరులో ఉండే ఇంకో నంబరు రాస్తున్నాను. భాగస్వామి వైపు మనిషి ఫోన్లో ఒక్కో అంకే చదివి చెప్పింది 1438656790077943811. మా డేటాబేసులో ఉన్నది 1438656790077943808. మా సపోర్టు వాళ్లు బ్రౌజర్లో చూసే తెర మీద 1438656790077943800. రికన్సిలియేషన్ అమ్మాయి సెటిల్‌మెంట్ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే 1438656790077940000. ఒకే చెల్లింపుకు నాలుగు నంబర్లు. కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి గీత గీస్తే మొదటి పదిహేను అంకెలు నాలుగింటిలోనూ ఒకటే. తేడా అంతా తోకలోనే.

808తో ముగిసే చెల్లింపు కూడా నిజంగానే ఉందని తెలిశాక నాకు చెమటలు పట్టాయి. అది అదే బ్యాచ్‌లో మొదటిది, వేరెవరో నెల్లూరుకు పంపిన డబ్బు. అది చేరింది. 808 చేరిందా అని మా ప్రోగ్రామ్ అడిగింది, చేరిందని అవతలివాళ్లు నిజమే చెప్పారు, ఆ నిజాన్ని మా ప్రోగ్రామ్ ఈమె చెల్లింపు పక్కన రాసుకుంది. 809, 810, 811 మూడూ మా పట్టికలో 808లుగానే కూర్చున్నాయి. ఒక విలువ రెండుసార్లు రాకూడదన్న నిబంధన ఆ కాలమ్‌కు ఎవరూ పెట్టలేదు. అంటే ఈమె డబ్బు ఏమైందని మేం అసలు అడగనే లేదు. ఎవరి సంగతో అడిగి, ఈమెకు చెప్పాం. ఇంకెంతమందికి ఇలా చెప్పామో ఆ క్షణంలో సంస్థలో ఎవరికీ తెలియదు.

ఎందుకిలా అయిందో వివరంగా చెప్పాలి. జేసన్ ప్రమాణంలో సంఖ్యకు ఇన్నే అంకెలు ఉండాలన్న హద్దు లేదు. పందొమ్మిది అంకెలు రాసినా, తొంభై రాసినా రాత సరైనదే. చదివేవాడు దాన్ని ఏ రకం విలువలో పెట్టుకుంటాడన్నది చదివేవాడి ఇష్టం. చాలా లైబ్రరీలు, ఏమీ చెప్పకపోతే, డబుల్ అనే రకంలో పెట్టేస్తాయి. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం డబుల్‌కు ఉండేది 64 బిట్లు, అందులో విలువకు దక్కేది 53 బిట్ల ఖచ్చితత్వం. 9007199254740992 దాకా ప్రతి పూర్ణసంఖ్యా అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది. అది దాటాక రెండేసికి ఒకటి, ఇంకా పైకి పోతే నాలుగేసికి ఒకటి. మా పందొమ్మిది అంకెల నంబర్లున్న ఎత్తులో 256 అడుగులకో గుంజ పాతినట్టు ఉంటాయి విలువలు. మధ్యలో పడ్డ ప్రతి సంఖ్యనూ దగ్గర్లో ఉన్న గుంజకు కట్టేస్తారు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. బ్రౌజర్లో జావాస్క్రిప్టు కూడా ఇదే డబుల్ వాడుతుంది, పైగా చూపించేటప్పుడు అవసరమైనన్ని అంకెలే చూపి మిగతావి సున్నాలు చేస్తుంది, అందుకే 800. ఎక్సెల్ పదిహేను అంకెలే దాచుకుంటుంది, అందుకే ఆ నాలుగు సున్నాలు.

మా కోడ్ జావాలో ఉంది, జేసన్ చదవడానికి వాడేది జీసన్ లైబ్రరీ. ఒక్కో భాగస్వామి ఒక్కో తీరులో జవాబులు పంపుతారు కాబట్టి, అన్నింటికీ పనికొచ్చేలా జవాబు మొత్తాన్ని ఒక మ్యాప్‌లోకి చదివే పద్ధతి నేను చేరకముందే అక్కడ ఉంది. పేరు స్ట్రింగు, విలువ ఆబ్జెక్టు. విలువ ఏ రకమో చెప్పనప్పుడు కనిపించిన ప్రతి సంఖ్యనూ డబుల్ చేయడం ఆ లైబ్రరీ డాక్యుమెంటేషన్లో రాసి ఉన్న నియమమే. 1 వస్తే 1.0 అవుతుంది. ఏళ్ల తరబడి అది ఎవరికీ అడ్డురాలేదు, ఎందుకంటే అప్పట్లో భాగస్వామి రిఫరెన్సులు పద్నాలుగు అంకెలే. ఆ అక్టోబరులో వాళ్లు కొత్త పద్ధతికి మారి పందొమ్మిది అంకెలు మొదలుపెట్టారు. ముందుగానే ఈమెయిల్లో చెప్పారు కూడా, ‘నంబరు పొడవు పెరుగుతుంది’ అని.

మరి టెస్టుల్లో ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ కొత్త నంబర్లు 2010లో ట్విట్టర్ తెచ్చిన స్నోఫ్లేక్ పద్ధతిలో తయారవుతాయి. పై బిట్లలో మిల్లీసెకన్లలో సమయం, తర్వాత యంత్రం నంబరు, అడుగున 12 బిట్లలో ఆ మిల్లీసెకనులో ఎన్నోదన్న వరస. మిల్లీసెకనులో మొదటి చెల్లింపుకు వరస సున్నా. అంటే అడుగు 12 బిట్లూ సున్నాలే, 4096తో నిశ్శేషంగా భాగం పోయే సంఖ్య. అది సరిగ్గా గుంజ మీదే ఉంటుంది, డబుల్ చేసినా మారదు. టెస్టు చేసేవాడు ఒక్కో చెల్లింపూ పంపి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసినా తప్పు బయటపడదు. బ్యాచ్‌లో ఒకే మిల్లీసెకనులో నాలుగు పుట్టినప్పుడే రెండోది, మూడోది, నాలుగోది మొదటిదానిలో కలిసిపోతాయి. మామూలు రోజుల్లో మాకు బ్యాచ్‌లు చిన్నవి. పండగలో పెద్దవి. ఎవరికైతే తొందరెక్కువో వాళ్లకే దెబ్బ తగిలింది.

మాకు రాత్రి ఒంటిగంట అయితే హైదరాబాద్‌లో ఏడున్నర. ఈ కోడ్ బాగా తెలిసిన కుర్రాడు అక్కడ పిల్లల్తో టపాసుల దుకాణంలో ఉన్నాడు. విషయం చెప్పగానే, “అన్నా, పావుగంట ఇవ్వు, ఇంటికెళ్లి కూర్చుంటా” అన్నాడు. ముందు మేనేజరును నిద్రలేపి రెండు అనుమతులు తీసుకున్నాం. ఒకటి, బ్యాచ్‌లు ఆపి చెల్లింపులు ఒక్కొక్కటిగా పంపడం. రెండు, ఆ నెల బ్యాచ్‌ల మీద ‘చేరింది’ అన్న మాటను తీసేసి ‘పరిశీలనలో ఉంది’ అని పెట్టడం. రెండోదానికి ఆయన వెనకాడాడు. పండగ ముందు అంతమంది ఫోన్లలో పచ్చ టిక్కు మాయమైతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆపరేషన్ సంగతి చెప్పాక మారు మాట్లాడలేదు.

మా దగ్గరున్న జీసన్ వెర్షన్ పాతది. సంఖ్యల్ని ఏ రకంగా చదవాలో చెప్పే వీలు 2021లో వచ్చిన 2.8.9తో మొదలైంది. అంతకుముందు వెర్షన్లలో ఆబ్జెక్టును చదివే అడాప్టరును మనది పెట్టి మార్చుకునే దారే లేదు. మన అడాప్టర్ రిజిస్టరు చేసినా లైబ్రరీది ముందు వరసలో ఉంటుంది. అర్ధరాత్రి లైబ్రరీ వెర్షన్ మార్చే ధైర్యం ఇద్దరికీ లేదు. అందుకని జవాబును మ్యాప్‌లోకి కాకుండా జేసన్ ఎలిమెంట్ చెట్టుగా చదివాం. అక్కడ సంఖ్య వచ్చిన అక్షరాలతోనే నిలిచి ఉంటుంది, మనం అడిగినప్పుడే రకం మారుతుంది. రిఫరెన్సును స్ట్రింగుగా అడిగాం. 811 అని వచ్చింది. ఫోన్లో ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తెల్లవారేలోపు ప్రొడక్షన్‌లో పెట్టాం.

కొత్తగా వెళ్లేవి అలా బాగుపడ్డాయి. అప్పటికే వెళ్లినవాటి కష్టం వేరు. రౌండ్ అయిపోయిన సంఖ్య నుంచి అసలు సంఖ్యను వెనక్కి తీయలేం. లాగ్స్ చూస్తే వాటిలోనూ మ్యాప్‌లోంచి రాసినవే, చివర ‘ఈ18’ తోకతో. భాగస్వామి పంపిన అసలు రాతను మేం ఎక్కడా దాచలేదు. వాళ్ల రిఫరెన్సు, మా రిఫరెన్సు పక్కపక్కన ఉండే ఫైలు ఒకటి ప్రత్యేకంగా తీసివ్వమని అడిగాం. అక్కడ పండగ సెలవులు. అది వచ్చేలోపు రికన్సిలియేషన్ అమ్మాయి రాసిపెట్టుకున్న జాబితాయే మాకు దిక్కు. పేరు, మొత్తం, ఖాతా చివరి అంకెలు చూసుకుంటూ ఒక్కొక్కరి చెల్లింపూ చేత్తో వెతికాం. పైగా ఇక్కడ విదేశాలకు వెళ్లే ప్రతి చెల్లింపు వివరం డబ్బు లావాదేవీలపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఆస్ట్రాక్‌కు పది పనిదినాల్లోపు నివేదించాలి. తప్పుడు రిఫరెన్సులున్న నివేదికలు వెళ్లిపోయి ఉంటే వాటినీ సరిదిద్దాలి. ఆ పనికి ఇంకో ఇద్దరు కూర్చున్నారు.

ఫోన్లు మాత్రం ఆగలేదు. సపోర్టు వాళ్లు చాలక మేమూ ఎత్తాం. తిట్టినవాళ్లు తిట్టారు. అది భరించగలిగాను. “మీరు చేరిందన్నారు కదా బాబూ, అందుకే మా అబ్బాయి బ్యాంకు మేనేజరు మీద కేకలేసొచ్చాడు” అన్న ఒక పెద్దావిడ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. నిజానికి ఎక్కువ చెల్లింపులు చేరినవే, వాటి రిఫరెన్సు మాత్రమే తప్పు. చేరకుండా తిరిగొచ్చినవే అసలు గాయం. డబ్బు తిరిగొచ్చిందని తెలియక జనం అవతల బ్యాంకుల చుట్టూ తిరిగారు.

గుంటూరు చెల్లింపు అలాంటిదే. వాళ్ల నాన్నది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, 2021 మార్చి తర్వాత పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు చెల్లలేదు. ఈమె యాప్‌లో నాన్న ఖాతా ఎప్పుడో పాత కోడ్‌తో పెట్టుకుంది. మధ్యలో తమ్ముడే ఇల్లు చూసుకోవడంతో వాడే పని పడలేదు. ఇప్పుడు పంపగానే చెల్లింపు వెనక్కొచ్చింది. ‘తిరిగి వచ్చింది, కోడ్ మార్చండి’ అని అప్పుడే చెప్పి ఉంటే ఐదు నిమిషాల పని. మేం చెప్పింది ‘చేరింది’ అని. తమ్ముడు మర్నాడు పొద్దున్నే భార్య గొలుసు తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టాడు. ఆపరేషన్ అయింది, పెద్దాయన కోలుకున్నారు. కొత్త కోడ్‌తో మళ్లీ పంపిన డబ్బు అదే రోజు చేరింది. తాకట్టు వడ్డీ సంస్థే కట్టాలని నేనూ ఆ రికన్సిలియేషన్ అమ్మాయీ పట్టుబట్టాం, కట్టారు.

తర్వాత శాశ్వతమైన మార్పు గురించి ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. జీసన్ కొత్త వెర్షన్‌లో సంఖ్యలు చదవడానికి నాలుగు పద్ధతులు సిద్ధంగా ఉంటాయి. మామూలుగా ఉండే డబుల్ ఒకటి. లాంగ్ ఆర్ డబుల్ రెండోది. పూర్ణసంఖ్య లాంగ్ అనే పూర్ణసంఖ్యల రకంలో పడితే లాంగ్, లేకపోతే డబుల్. చాలామందికి అదే నచ్చింది, మ్యాప్ కోడ్ పెద్దగా మార్చక్కర్లేదని. నాకు నచ్చలేదు. లాంగ్ హద్దు 9223372036854775807. రేపు ఇంకో భాగస్వామి ఇరవై అంకెలు పంపితే అది మళ్లీ చడీచప్పుడు లేకుండా డబుల్ అవుతుంది. దశాంశాలున్న మొత్తాలు ఎలాగూ డబుల్‌గానే మిగులుతాయి. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే రకంలో జనం డబ్బు లెక్కపెట్టకూడదు. మూడోది వచ్చిన రాతను అలాగే పట్టుకుని, అడిగినప్పుడు మార్చేది. నాలుగోది బిగ్ డెసిమల్, ఎన్ని అంకెలైనా ఉన్నవి ఉన్నట్టు.

మ్యాప్‌లోకి చదివే చోట బిగ్ డెసిమల్ పెట్టాం. డబుల్ అనుకుని రాసిన పాత కోడ్ ఉన్న చోటల్లా టెస్టుల్లోనే ఎర్రర్ వచ్చింది, అదే మాకు కావలసింది. 100.5, 100.50 విలువ ఒకటే అయినా ఈక్వల్స్‌తో పోలిస్తే వేరని వస్తుంది గనక పోలికలన్నీ కంపేర్ టుకు మార్చాం. ఇంకో సంగతి. ఈ పద్ధతి పెట్టడానికి దాదాపు ఒకేలాంటి పేర్లతో రెండు సెట్టింగులున్నాయి, ఒకటి ఆబ్జెక్టు రకానికి, రెండోది నంబర్ రకానికి. మ్యాప్‌లోని విలువలకు పనిచేసేది మొదటిది. రెండోది మాత్రమే పెడితే ఏమీ మారదు, మారిందని మనం అనుకుంటాం.

రిఫరెన్సు నంబరును మాత్రం ఆ మ్యాప్‌లోంచే బయటికి తెచ్చాం. ప్రతి భాగస్వామికీ ఒక క్లాసు రాసి, అందులో ఆ ఫీల్డును స్ట్రింగు అని పెట్టాం. అవతలి నుంచి కోట్స్ లేకుండా వచ్చినా జీసన్ ఆ అంకెల్ని అక్షరాలుగానే తెచ్చిస్తుంది. రిఫరెన్సు నంబరుకు ఎవరూ ఒకటి కలపరు, రెండుతో భాగించరు. ఖాతా నంబరు, ఆధార్, ఫోన్ నంబరు అన్నీ ఇంతే. ముందు సున్నాలున్న ఖాతా నంబరును జేసన్‌లో సంఖ్యగా రాయడానికి నియమాలే ఒప్పుకోవు. ట్విట్టర్ 2010లోనే ఈ చిక్కు చూసి, ప్రతి ట్వీటు నంబరునూ స్ట్రింగుగా ఇంకో ఫీల్డులో పంపడం మొదలుపెట్టింది. 2017 నాటి జేసన్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 8259 కూడా 53 బిట్లు దాటిన పూర్ణసంఖ్యలు అందరి దగ్గరా ఒకేలా ఉంటాయని నమ్మలేమని చెబుతోంది. మా భాగస్వామి కూడా చివరికి కోట్స్‌లో ఇంకో ఫీల్డు చేర్చారు.

జావా ఒక్కదానిలోనే ఉన్న సమస్య కాదిది. గోలో రకం చెప్పకపోతే ఫ్లోట్64 అవుతుంది, యూజ్ నంబర్ అని అడగాలి. పైథాన్ పూర్ణసంఖ్యలను కాపాడుతుంది, దశాంశాలకు మాత్రం పార్స్ ఫ్లోట్ దగ్గర డెసిమల్ ఇవ్వాలి. జాక్సన్ పెద్ద పూర్ణసంఖ్యలను పాడుచేయదు, దశాంశాలకు బిగ్ డెసిమల్ వాడమని విడిగా చెప్పాలి.

మీరు ఇలాంటి పనిలో ఉంటే 9007199254740993 అన్న సంఖ్యను కోట్స్ లేకుండా ఒక జేసన్‌లో పెట్టి మీ ప్రోగ్రామ్‌కు ఇవ్వండి. డేటాబేసులో, లాగ్స్‌లో, తెర మీద మూడుచోట్లా చివర 3 ఉందో లేదో చూడండి. ఎక్కడైనా 2 కనిపిస్తే ఆ పనిని పండగ తర్వాతకు వాయిదా వేయకండి. ఇంటికి డబ్బు పంపేవాళ్లు యాప్‌లో టిక్కు చూసి ఊరుకోకుండా ఆ చెల్లింపుకు బ్యాంకుల్లో ఉండే యూటీఆర్ నంబరు అడిగి తీసుకోండి, ఊళ్లో ఖాతాలో జమ పడిందని ఇంట్లోవాళ్ల నోటితో వినండి. పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా ఇంకా మీ యాప్‌లో పాత కోడ్‌తో ఉంటే ఇవాళే మార్చుకోండి.